వ్యాసాలు మీవి, వాకిలి మీద పేరు ఆ అబ్బాయిది

ప్రశ్న: విశాఖపట్నంలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచరుగా చేసి మూడేళ్ల క్రితం రిటైరయ్యాను. అప్పటినుంచి చెంగల్రావుపేట, కురుపాం మార్కెట్, పాతపోస్టాఫీసు చుట్టూ గడిచిన నా చిన్నతనం గురించి, భీమిలి చరిత్ర గురించి బ్లాగులో రాస్తున్నాను. 140 వ్యాసాలయ్యాయి. బ్లాగు తయారుచేసింది మా కాలనీ అబ్బాయే. ఫోన్‌పేలో 18 వేలు ఇచ్చాను. వెబ్‌సైట్ పేరును తన పేరుతో, తన ఈమెయిల్‌తో కొన్నాడని ఈమధ్యే తెలిసింది. అతను బెంగళూరు వెళ్లిపోయాడు. రెన్యువల్‌కి ఇంకా నలభై రోజులే ఉంది. ‘పాతిక వేలు ఇస్తే పేరు మారుస్తా, లేదంటే అమ్మేసుకుంటా’ అని వాట్సాప్‌లో పెట్టాడు. మా మధ్య అగ్రిమెంటు ఏమీ లేదు. ఇంకోపక్క, భీమిలి డచ్చివారి సమాధుల మీద నేను రాసిన వ్యాసాన్ని ఒక యూట్యూబ్ ఛానల్‌వాళ్లు అక్షరం మార్చకుండా చదివి, నా ఫొటోలే చూపించారు. అడిగితే ‘నెట్‌లో ఉన్నది అందరిదీ మేడమ్’ అన్నారు. ఇవి చాలవన్నట్టు, మా అమ్మాయి సీమంతానికి వంటలు చేసిన కేటరర్ గురించి రాసినందుకు పది లక్షలు కట్టాలని, ఏడు రోజుల్లో వ్యాసం తీసేయాలని లాయర్ నోటీసు వచ్చింది. ‘ఎందుకమ్మా ఈ టెన్షన్, మూసెయ్’ అంటున్నాడు మా అబ్బాయి. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: టీచరు గారూ, మీకు భయం నోటీసు గురించి. నాకు కంగారు పుట్టించింది మాత్రం ఆ నలభై రోజుల మాట. అందుకే అక్కడినుంచే మొదలుపెడతాను.

ముందు చట్టంతో సంబంధం లేని పని ఒకటి. బ్లాగులోకి వెళ్లి రాసే పాస్‌వర్డ్ మీ దగ్గర ఉండే ఉంటుంది కదా, ఈ రాత్రే కూర్చుని 140 వ్యాసాలూ దించుకోండి. వర్డ్‌ప్రెస్ అయితే టూల్స్‌లో ఎక్స్‌పోర్ట్ అని ఉంటుంది. అది నొక్కితే వ్యాసాలన్నీ ఒక ఫైలుగా వస్తాయి. కానీ ఆ ఫైల్లో ఫొటోలు ఉండవు, అవి ఎక్కడున్నాయో చెప్పే లింకులే ఉంటాయి. ఫొటోలు విడిగా దించుకోవాలి. ఇది తెలియక ‘బ్యాకప్ తీసుకున్నాం సార్’ అని ధీమాగా వచ్చి, బొమ్మల్లేని వ్యాసాలు పట్టుకుని కూర్చున్నవాళ్లు నాకు తెలుసు. పేరు మార్చమని మీరు రాసే లేఖ అందాక ఆ అబ్బాయి పాస్‌వర్డ్ మార్చేస్తే ఐటీ చట్టం 2000లోని 43వ సెక్షన్ కింద అది తప్పే, నష్టపరిహారం అడగొచ్చు. అయితే ఆ పరిహారం వచ్చేదాకా మీ చెంగల్రావుపేట ఎవరికీ కనబడదు. అందుకని లేఖ కన్నా ముందు బ్యాకప్.

ఇక పేరు సంగతి. డొమైన్ పేరును, అంటే వెబ్‌సైట్ పేరును, శాశ్వతంగా కొనుక్కోవడం అంటూ ఉండదు. డాట్ కామ్ అయితే ఒకేసారి గరిష్ఠంగా పదేళ్లకే కట్టగలం. ఆ పేర్లు నమోదు చేసే రిజిస్ట్రార్ కంపెనీ లెక్కలో ఎవరి పేరు, ఎవరి ఈమెయిల్ ఉంటే వాళ్లకే ఓటీపీ వెళ్తుంది, వాళ్ల మాటే చెల్లుతుంది. పాసు పుస్తకంలో పేరు లేకుండా పొలం దున్నుకుంటున్న మనిషి పరిస్థితి ఇప్పుడు మీది. ‘డబ్బు నేనిచ్చాను’ అని ఆ కంపెనీకి ఎన్ని మెయిళ్లు పెట్టినా కోర్టు ఉత్తర్వు లేకుండా వాళ్లు మార్చరు.

అలాగని మీకు హక్కు లేదనుకోకండి. అగ్రిమెంటు లేదని మీరు బాధపడుతున్నారు కానీ, స్టాంపు పేపరు లేకపోయినా ఒప్పందం ఒప్పందమే. ఫోన్‌పే రసీదు ఉంది. ‘మేడమ్, మీ సైటుకి పేరు తీసుకున్నాను’ లాంటి పాత మెసేజ్ ఏదో ఒకటి వాట్సాప్‌లో దొరుకుతుంది, వెతకండి. మీ డబ్బుతో, మీ పని కోసం అతను ఆ పేరు తీసుకున్నాడు. చట్టం భాషలో అతను మీ ఏజెంటు. ఏజెంటు యజమానికి తెలియకుండా ఆ వ్యవహారాన్ని తన ఖాతాలో వేసుకుంటే, దానివల్ల వచ్చిన లాభం యజమాని అడిగి తీసుకోవచ్చని కాంట్రాక్టు చట్టం 1872లోని 216వ సెక్షన్ చెబుతుంది. పాతిక వేలు అడుగుతూ అతను పెట్టిన మెసేజ్ మీకు చాలా బలమైన కాగితం. కోపంలో దాన్ని డిలీట్ చేయకండి, అతన్ని బ్లాక్ చేయకండి.

డొమైన్ పేర్లకు చట్టరక్షణ ఉందని సుప్రీంకోర్టు 2004లోనే సత్యం ఇన్ఫోవే కేసులో చెప్పింది. మీ అబ్బాయి నెట్‌లో వెతికితే ముందుగా అదే కనబడుతుంది. కానీ అది రెండు వ్యాపారాల మధ్య, పేరు మీద సంపాదించుకున్న గుడ్‌విల్ గురించిన తగాదా. డొమైన్ తగాదాలకు అంతర్జాతీయ మధ్యవర్తిత్వం కూడా ఉంది. దానికి ట్రేడ్‌మార్క్ హక్కు చూపించాలి, పైగా వైపో (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ) దగ్గర ఫీజే 1500 డాలర్లు. మీకు ఆ దారి వద్దు.

మీకు సరిపోయేది వినియోగదారుల కమిషన్. డబ్బు తీసుకుని సేవ చేశాడు, ఆ సేవలో లోపం ఉంది, మీ బ్లాగు వ్యాపారం కాదు. కాబట్టి 2019 చట్టం ప్రకారం మీరు వినియోగదారే. అతను బెంగళూరులో ఉన్నా ఫిర్యాదు విశాఖపట్నంలోనే వేయొచ్చు, ఫిర్యాదుదారు ఉండే ఊళ్లో వేసే వీలు ఈ చట్టంలో ఉంది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్లో ఇంటినుంచే పెట్టొచ్చు. పేరు అమ్మకుండా మధ్యంతర ఉత్తర్వు ఇమ్మని అదే ఫిర్యాదుతో పాటు అడగండి, అసలు అవసరం అదే. రెండేళ్ల గడువు ఉంటుంది, అతను పేరు ఇవ్వనన్న మెసేజ్ తేదీ మీకు ముఖ్యం. పోలీస్ స్టేషన్‌కి వెళ్తే మాత్రం ‘ఇది సివిల్ తగాదా అమ్మా’ అంటారు. ఈ విషయంలో వాళ్లను తప్పుపట్టలేను.

అయినా నన్నడిగితే కమిషన్ కన్నా ముందు ఇంకో ప్రయత్నం చేయమంటాను. అతనికి ఒక లేఖ రాయండి. రెన్యువల్‌కి అయ్యే అసలు ఖర్చు ఇస్తానని, 15 రోజుల్లో పేరు మీ ఖాతాకి మార్చమని, లేకపోతే కమిషన్‌కి వెళ్తానని. వాట్సాప్‌లో పెట్టండి, స్పీడ్ పోస్టులోనూ పంపండి (రిజిస్టర్డ్ పోస్టు 2025 సెప్టెంబరు నుంచి స్పీడ్ పోస్టులోనే కలిసిపోయింది, కౌంటర్లో వెతుక్కోకండి). అతను ఒప్పుకుంటే పని తేలికే. అదే రిజిస్ట్రార్ దగ్గర మీ పేరుతో ఖాతా తెరిస్తే అతని ఖాతాలోంచి మీ ఖాతాలోకి నెట్టేయొచ్చు. వేరే కంపెనీకి మార్చుకోవాలంటే ఆథరైజేషన్ కోడ్ (బదిలీకి వాడే రహస్య కోడ్) కావాలి. అతను అడిగితే రిజిస్ట్రార్ 5 రోజుల్లో ఇచ్చి తీరాలి. పేరు మీ ఖాతాలో కనబడ్డాకే డబ్బు ఇవ్వండి. వాళ్ల నాన్నగారు ఇంకా మీ కాలనీలోనే ఉంటే ఒకసారి ఇంటికి వెళ్లి కూర్చుని మాట్లాడండి. చట్టపుస్తకంలో లేని సలహానే, కానీ మన ఊళ్లో చాలా తగాదాలు అలాగే తీరతాయి.

‘గడువు అయిపోనీ, తర్వాత మనమే కొనుక్కుందాం’ అని మాత్రం ఆగకండి. డాట్ కామ్ పేరు గడువు దాటగానే ఖాళీ అయిపోదు. రిజిస్ట్రార్‌ను బట్టి 45 రోజుల దాకా పాత మనిషే పునరుద్ధరించుకోవచ్చు. ఆ తర్వాత ఎక్కువ రుసుముతో వెనక్కి తీసుకునే 30 రోజులు, ఆపైన పేరు తొలగించే ముందు ఇంకో 5 రోజులు. ఆ గంట ఎప్పుడు కొడుతుందా అని కాచుక్కూర్చునే కంపెనీలు ఉన్నాయి. మీరు లాగిన్ అయ్యేలోపు పేరు పోతుంది.

యూట్యూబ్ ఛానల్ దగ్గరికి వద్దాం. ‘నెట్‌లో ఉన్నది అందరిదీ’ అన్నమాట పచ్చి తప్పు. మీరు రాసిన క్షణం నుంచి కాపీరైట్ మీదే, 1957 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మీ జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. బ్లాగు పేరు అతని చేతిలో ఉన్నంతమాత్రాన వ్యాసాలు అతనివైపోవు. కాపీరైట్ బదిలీ కావాలంటే మీ సంతకంతో రాతపూర్వకంగా ఉండాలి. ఒక్కటి గుర్తుంచుకోండి. డచ్చివాళ్లు భీమిలి వచ్చారన్న సంగతి మీది కాదు, అది ఎవరైనా చెప్పుకోవచ్చు. ఆ సమాధుల మీద ఎండ ఎలా పడుతుందో మీరు రాసిన వాక్యం మీది, తీసిన ఫొటో మీది. వాళ్లు వాక్యాన్నీ ఫొటోనీ తీసుకున్నారు కాబట్టి మీ కేసు గట్టిది. విమర్శకో సమీక్షకో నాలుగు ముక్కలు తీసుకుంటే చట్టం ఊరుకుంటుంది, మొత్తం వ్యాసం చదివేయడం ఆ కోవలోకి రాదు. మీ పేరు చెప్పకపోవడం 57వ సెక్షన్ కింద విడిగా ఇంకో తప్పు.

ఫిర్యాదుకు ముందు రుజువు భద్రపరచండి. వీడియో లింకు, అప్‌లోడ్ తేదీ, మీ వ్యాసం తేదీ, వాళ్లు ‘అందరిదీ’ అని ఇచ్చిన జవాబు, అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి, ఏ ఫోన్లో తీశారో రాసిపెట్టుకోండి, ఆ ఫోన్ అమ్మకండి. 2024 జులై 1 నుంచి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. అందులో ఒక భాగం మీరు, రెండోది నిపుణుడు ఇవ్వాలి. ఆ తర్వాత యూట్యూబ్ కాపీరైట్ ఫారం నింపండి. మీ అసలు పేరు అవతలివాళ్లకు తెలుస్తుందని గమనించండి. వాళ్లు ఎదురు నోటీసు ఇస్తే, అమెరికా లెక్కన 10 పనిదినాల్లో మీరు కోర్టుకి వెళ్లినట్టు చూపించాలి, లేకపోతే వీడియో తిరిగి వచ్చేస్తుంది. అక్షరం మార్చకుండా కాపీ కొట్టినవాళ్లు అంతదూరం రావడం తక్కువే. వస్తే, ఛానల్ ఏ ఊరిదైనా దావా విశాఖ జిల్లా కోర్టులో వేసే వెసులుబాటు కాపీరైట్ చట్టం 62వ సెక్షన్ మీకు ఇచ్చింది. అదే కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద పోలీసులు నేరుగా కేసు కట్టొచ్చని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. కానీ ఒక వీడియో కోసం అంత దూరం వద్దు.

మీ బ్లాగులో పాత విశాఖ ఫొటోలు ఎవరి పుస్తకంలోంచైనా స్కాన్ చేసి పెట్టారా? ఫిర్యాదుకు ముందే చూసుకోండి. అవతలివాళ్లు మొదట ఎత్తిచూపేది అదే. ఇంకోమాట, డాక్‌యార్డు, నేవీ గేట్ల వైపు కెమెరా తిప్పకండి. అవి అఫీషియల్ సీక్రెట్స్ చట్టం పరిధిలోకి వచ్చే చోట్లు, అక్కడ ‘బ్లాగు కోసం తీశాను’ అన్న జవాబు పనికిరాదు.

ఇక మిమ్మల్ని నిద్రపోనివ్వని నోటీసు. అది కోర్టు సమన్లు కాదు, ఒక లాయరు తన క్లయింటు చెప్పింది రాసి పంపిన ఉత్తరం. ఏడు రోజుల గడువు పెట్టింది ఆయన, చట్టం కాదు. పది లక్షల అంకె కూడా అలాంటిదే. అయినా జవాబివ్వకుండా మాత్రం ఉండకండి. మీరు పంపిన వ్యాసం చదివాను. ‘సాంబారు పులిసిపోయింది, పెద్దవాళ్లు ముట్టలేదు, అడ్వాన్సు వెనక్కివ్వమంటే ఫోన్ పెట్టేశారు’ అన్నారు. సాంబారు గిన్నె ఫొటో, మీ మెసేజ్‌లు, ఆరోజు భోంచేసినవాళ్లు ఉన్నారు. సివిల్ దావాలో నిజం రుజువైతే పరువు నష్టం నిలవదు. క్రిమినల్ కేసులో నిజంతో పాటు అది పదిమంది మేలు కోసం చెప్పినట్టు కూడా మీరే చూపించాలి. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లో ఆ మినహాయింపు ఉంది. నలుగురూ శుభకార్యానికి పిలిచే వంటవాళ్ల గురించి హెచ్చరించడం అందులోకి వస్తుందని నా అభిప్రాయం.

కానీ చివర్లో ‘వీళ్లంతా దొంగల ముఠా’ అని ఒక వాక్యం ఉంది టీచరు గారూ. సాంబారు పులిసిందని సాక్ష్యం చూపగలరు, ముఠా అని చూపలేరు. ఆ ఒక్క వాక్యం తీసేయండి, మిగతాది అలాగే ఉంచండి. తీసేముందు పాత వ్యాసాన్ని యథాతథంగా దాచుకోండి. జవాబులో ‘జరిగింది జరిగినట్టు రాశాను, ఆధారాలున్నాయి’ అంటే చాలు, అడ్వాన్సు సంగతీ గుర్తుచేయండి. క్షమాపణ అనే మాట లాయరుకు చూపించకుండా రాయకండి.

పోలీసులు ఇంటికి వచ్చి తీసుకుపోతారని భయపడుతున్నారేమో, పరువు నష్టంలో మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా వాళ్లు దర్యాప్తు చేయలేరు. కేటరర్ కోర్టులో ప్రైవేటు ఫిర్యాదు వేసుకోవాలి, కొత్త నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం కేసు తీసుకునే ముందే మీ మాట వినాలి. నెట్‌లో రాసినందుకు అరెస్టులు చేయడానికి వాడిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చిలోనే కొట్టేసింది. సివిల్ దావాకి ప్రచురణ తేదీ నుంచి ఏడాదే గడువు. మీ వ్యాసం వచ్చి ఇప్పటికే ఎనిమిది నెలలైంది.

మీ అబ్బాయి మూసెయ్యమన్నాడు. బ్లాగు మూసినా నోటీసు నోటీసుగానే ఉంటుంది, పేరు ఆ అబ్బాయి దగ్గరే ఉంటుంది, వీడియోలో మాత్రం మీ వ్యాసం వాళ్ల వ్యాసంగా మిగిలిపోతుంది. నేనూ ఒకప్పుడు న్యాయవిషయాల మీద బ్లాగు మొదలుపెట్టాను. నాలుగు వ్యాసాలు రాశాక హోస్టింగ్ ఎప్పుడు అయిపోయిందో కూడా గమనించలేదు. 140 రాసిన మనిషికి ఆగమని చెప్పే అర్హత నాకు లేదు.

డొమైన్ కేసుకు లాయరు ఫీజు భారమైతే, ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆడవాళ్లకు ఉచిత న్యాయసహాయం ఇచ్చే 1987 నాటి చట్టం ఉంది. విశాఖ జిల్లా కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కి ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు ఫోన్‌పే రసీదు, ఆ పాతిక వేల మెసేజ్ ప్రింటు తీసుకెళ్లండి. నోటీసు వచ్చిన కవరు పారేయకండి, ఎప్పుడు పంపారో దానిమీది ముద్రే చెబుతుంది.