రొయ్యకు వరిమందు ఎంతవరకు సురక్షితం: నోయెక్ చాలదా?

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు వరి మడుల నీరు రొయ్యల చెరువుల్లోకి దిగితే, సుడిదోమ మందుకు సురక్షిత మోతాదును నోయెక్ చూసి, అంటే మందు కలపని తొట్టితో పోలిస్తే తేడా తేలని గరిష్ఠ మోతాదు చూసి, చెప్పేయొచ్చా అన్నది ప్రశ్న. దాన్నొక్కదాన్నే నమ్మకండి.

నోయెక్ ఎప్పుడూ మీరు పెట్టిన మోతాదుల్లోనే ఒకటి అవుతుంది. లీటరుకు 1, 10, 100 మైక్రోగ్రాములు పెట్టి, 10 దగ్గర తేడా కనబడితే జవాబు 1. అసలు హద్దు 3 అయినా 8 అయినా బయటపడదు. పైగా మోతాదుకు మూడే తొట్లు పెడితే, తొట్టికి 20 రొయ్యపిల్లల్లో 3 చచ్చినా డనెట్ పరీక్షకు, అంటే ఒక్కో మోతాదును మందు కలపని తొట్లతో పోల్చే గణాంక పరీక్షకు, ఆనకపోవచ్చు. ప్రయోగం ఎంత పలచగా చేస్తే మందు అంత సురక్షితంగా కనిపిస్తుంది. ఇదే అసలు ప్రమాదం.

రెండేసి రెట్ల తేడాతో ఐదారు మోతాదులు పెట్టి, మోతాదు పెరిగేకొద్దీ ప్రభావం ఎలా పెరుగుతుందో చూపే లాగ్-లాజిస్టిక్ వక్రరేఖ అమర్చి, 10 శాతం ప్రభావం చూపే ఈసీ10ను, దాని 95 శాతం విశ్వాస అవధితో (అసలు విలువ ఉండగల హద్దులతో) సహా తీయండి. మందు కలపని తొట్టిలోనే 10 శాతం దాటి చస్తే ఆ ప్రయోగం పక్కన పెట్టండి. అలా చస్తే ముందు నీటి ఉప్పదనం సరిగా ఉందో లేదో చూసుకోండి.

తర్వాత భాగహారం: పరీక్షల్లో వచ్చిన అతి తక్కువ విలువను భద్రత కోసం ఒక అంకెతో భాగిస్తే సురక్షిత మోతాదు వస్తుంది. ఐరోపా పద్ధతిలో, మంచినీటికి నాచు, డాఫ్నియా (నీటి ఈగ), చేపల స్వల్పకాలిక ఫలితాలే ఉంటే 1000తో, మూడింటికీ దీర్ఘకాలికం ఉంటే 10తో భాగిస్తారు. ఉప్పునీటికైతే మామూలుగా ఇంకో పదిరెట్లు.