ఓడ ఎక్కకుండానే వెనక్కి వచ్చాం, డబ్బు అడగొచ్చా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. నేను రిటైర్డ్ లెక్చరర్‌ని. ఉత్తర ధ్రువం వైపు, నార్వే పాలనలో ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల చుట్టూ చిన్న ఓడలో తిరిగే యాత్రకు నేను, నా భార్య హైదరాబాదులోని ఒక టూర్ కంపెనీలో బుక్ చేసుకున్నాం. 2025 ఏప్రిల్, మే నెలల్లో విమానం టికెట్లతో సహా 12,40,000 రూపాయలు, దానిపైన టీసీఎస్ (అమ్మేవాళ్లే వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను) అని ఇంకో 98,000 కట్టాం. వీసా పని కూడా వాళ్లే చూశారు. జూలైలో నార్వే రాజధాని ఓస్లో నుంచి ఆ దీవుల్లోని లాంగ్‌యర్‌బీన్‌కు విమానం ఎక్కబోతుంటే అధికారి పాస్‌పోర్టు చూసి, ‘మీది ఒక్కసారి ప్రవేశానికి ఇచ్చిన వీసా, అక్కడికి వెళితే మళ్లీ ఇటు రాలేరు’ అన్నారు. ఓడ మమ్మల్ని వదిలేసి వెళ్లిపోయింది. కంపెనీ వాళ్లేమో ‘వీసా బాధ్యత మీదే, మేం మధ్యవర్తులమే, కేసు వేస్తే హైదరాబాదులోనే వేయాలి. అయినా మంచు అడ్డొచ్చి ఆ ఓడే సగం దారిలో తిరిగొచ్చింది, మీకు పోయిందేమీ లేదు’ అంటున్నారు. మాకు దారి ఉందా?

జవాబు: ఉందండీ. కేసు కడపలోనే వేయొచ్చు కూడా. మే నెల కడప ఎండలో ఉన్ని కోట్లు కొనుక్కుని, చివరికి వాటిని ఒళ్లో పెట్టుకుని ఓస్లో విమానాశ్రయంలో బెంచీ మీద కూర్చున్నామని రాశారు. చదివి చాలా బాధ అనిపించింది. అయితే మీ ఉత్తరంలో రెండు సంగతులు కలిసిపోయాయి. ఒకటి మంచు చేసింది, ఇంకొకటి కంపెనీ చేసింది. వీటిని విడదీస్తేనే మీ కేసు నిలుస్తుంది.

ముందు మంచు సంగతి. ధ్రువ సముద్రాల్లో ఓడ ఏ దారిన పోవాలి, ఎక్కడ దించాలి అన్నది ఆ రోజు మంచును, గాలిని బట్టి కెప్టెన్ నిర్ణయిస్తాడు. ఆ నీళ్లలో తిరిగే ఓడల భద్రత కోసం 2017 జనవరి 1 నుంచి పోలార్ కోడ్ అనే అంతర్జాతీయ నిబంధనలు కూడా అమల్లో ఉన్నాయి. దారి మారితే డబ్బు వాపసు ఇవ్వం అనే షరతు న్యాయమైనదే. ఎవరైనా ఓడెక్కి, మంచు వల్ల అనుకున్న చోటికి పోలేదని నా దగ్గరికొస్తే కేసు వద్దనే చెబుతాను. కానీ ఆ షరతు ఓడ ఎక్కినవాళ్లకు. సగంలో తిరిగొచ్చినవాళ్లు కూడా హిమనదాల ముందు నిలబడి చూసి వచ్చారు. మిమ్మల్ని ఆపింది మంచు కాదు, వీసా. కంపెనీ ఆ మాట ఎత్తినప్పుడల్లా మీరు ఈ ఒక్క జవాబే చెప్పండి.

ఇక వీసా. స్వాల్‌బార్డ్ మీద అధికారం నార్వేదే. అయినా 1920 నాటి ఒప్పందం వల్ల అక్కడి పద్ధతులు వేరు. ఆ దీవుల్లో అడుగుపెట్టడానికి వీసా అక్కర్లేదు. అవి షెంజెన్ పరిధిలోకి, అంటే నార్వేతో సహా ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల పరిధిలోకి రావు. ఓస్లోలో దిగితే ఒక ప్రవేశం, దీవుల నుంచి తిరిగి ఓస్లోకి వస్తే రెండో ప్రవేశం. అందుకే మనలాంటి వీసా కావాల్సిన దేశాలవాళ్లు రెండుసార్లు ప్రవేశానికి పనికొచ్చే వీసా తీసుకోవాలి. స్వాల్‌బార్డ్ యాత్ర అమ్మేవాడికి తెలిసి ఉండాల్సిన మొదటి సంగతి ఇది. మీరు పంపిన ఫొటోలో వీసా స్టిక్కర్ మీద ప్రవేశాల గడిలో 01 అని స్పష్టంగా ఉంది. అక్కడ 02 గానీ, అనేకసార్లు అని గానీ ఉండాల్సింది. ‘మీరే వెళ్లకుండా ఆగిపోయారు’ అని వాదించినా చెల్లదు. తిరిగొచ్చే దారి లేదని తెలిశాక వెళ్లకపోవడాన్ని మీ ఇష్టం అనరు.

ఇక్కడ మీ కేసులో ఉన్న బలహీనత కూడా చెప్పాలి. వీసా దరఖాస్తు మీద సంతకం మీదే. ‘చదవకుండా ఎందుకు పెట్టారు’ అని అడుగుతారు. ఎన్ని ప్రవేశాలు కావాలో రాసే గడి ఆ దరఖాస్తులోనే ఉంటుంది. కంపెనీ మనిషి అందులో ఒకటి అని నింపి ఉంటే తప్పు నేరుగా వాళ్లది. ఎక్కువ అడిగితే రాయబార కార్యాలయం ఒకటే ఇచ్చి ఉంటే, పాస్‌పోర్టు మీ చేతికిచ్చేటప్పుడు చూసి చెప్పాల్సింది వాళ్లు. రెండో పరిస్థితిలో కూడా సేవాలోపమే అని వాదిస్తాం. కాకపోతే కేసు వినే వినియోగదారుల కమిషన్ పరిహారం కొంత తగ్గించొచ్చు.

‘మేం మధ్యవర్తులమే’ అన్నదానికి జవాబు మీరు కట్టిన ఆ 98,000లోనే ఉంది. విదేశీ టూర్ ప్యాకేజీ అమ్మేవాడే కొనేవాడి దగ్గర టీసీఎస్ వసూలు చేయాలి. మీరు డబ్బు కట్టిన 2025 ఏప్రిల్, మే నెలల్లో అది 10 లక్షల వరకు 5 శాతం, ఆపై మొత్తం మీద 20 శాతంగా ఉండేది. లెక్క వేయండి: 10 లక్షలకు 50,000, మిగతా 2,40,000కు 48,000. సరిగ్గా సరిపోయింది. అంటే ప్యాకేజీ అమ్మింది మేమే అని ఆదాయపు పన్ను శాఖకు చెప్పుకున్నట్టే. ఇప్పుడు కమిషన్ ముందు కాదని ఎలా అంటారు? ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ 26ఏఎస్, అంటే మీ పేరున జమ అయిన పన్నుల పట్టిక, తీసి ప్రింటు పెట్టుకోండి. నా దృష్టిలో మీ చేతిలో ఉన్న బలమైన కాగితం ఇదే.

ఆ 98,000ను మాత్రం కంపెనీని అడగకండి. అది మీ పేరున జమ అయిన పన్ను. ఆ సంవత్సరం రిటర్నులో చూపిస్తే మీ పన్నులో తగ్గుతుంది, మిగిలింది వాపసు వస్తుంది. ఒకే డబ్బును రెండు చోట్ల అడిగారని తెలిస్తే మిగతా లెక్క మీద కూడా అనుమానం వస్తుంది.

హైదరాబాదు షరతుకు టెన్షన్ పడొద్దు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివాసం ఉండే చోటే కేసు వేసుకోవచ్చు. మీకు అది కడప జిల్లా కమిషన్. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు కాబట్టి జిల్లాలోనే సరిపోతుంది. ఫీజు 400 రూపాయలు. గడువు రెండేళ్లు, అంటే 2027 జూలై లోపు. అంతదాకా ఆగకండి. రాసేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. కోపంలో ‘ఈ ఒప్పందమే అన్యాయమైనది’ అని రాస్తే, అన్యాయ ఒప్పందాల మీద ఫిర్యాదులు రాష్ట్ర కమిషన్ పరిధిలోవి కాబట్టి విజయవాడ తిరగాల్సి వస్తుంది. సేవాలోపం అని మాత్రమే రాయండి. మీరు, మీ భార్య ఇద్దరూ ఫిర్యాదుదారులుగా ఉండండి.

ఓడ కంపెనీ జోలికి పోకపోవడమే మంచిది. వాళ్ల తప్పు లేదు. పైగా విదేశానికి నోటీసు చేర్చడం, ఆర్డర్ వచ్చినా అమలు చేయించడం చాలా కష్టం. ప్రయాణ బీమా పాలసీ ఒకసారి చదవండి. వీసా పొరపాట్లకు సాధారణంగా ఇవ్వరు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

బ్రోషరులో ‘ధ్రువపు ఎలుగుబంటిని అతి దగ్గరగా చూపిస్తాం’ అని ఉందన్నారు. 2025 జనవరి 1 నుంచి స్వాల్‌బార్డ్‌లో ఎలుగుబంటికి కనీసం 300 మీటర్ల దూరం పాటించాలి, మార్చి నుంచి జూన్ చివరి దాకా 500 మీటర్లు. అంటే ఆ ప్రాంతపు చట్టం తెలుసుకోకుండానే యాత్ర అమ్మారు. దీన్ని ఫిర్యాదులో ఒక్క పేరాలో పెట్టండి, చాలు. అసలు విషయం వీసా.

మీరు ఓస్లో నుంచి మెసేజ్ పెడితే వాళ్ల ఉద్యోగి ‘సారీ సర్, మా వీసా టీం చూసుకోలేదు’ అని వాట్సాప్‌లో జవాబిచ్చాడని చివర్లో మామూలుగా రాశారు. అది మామూలు మాట కాదు, తప్పు ఒప్పుకోవడం. ఆ ఫోను మార్చకండి, చాట్ తుడిచేయకండి. స్క్రీన్‌షాట్లతో పాటు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి, దాన్ని మీ లాయరు తయారు చేస్తారు.

అడగాల్సింది: కట్టిన 12,40,000, దాని మీద వడ్డీ, ఓస్లోలో అదనంగా అయిన ఖర్చు బిల్లులతో సహా, మానసిక వేదనకు పరిహారం, కేసు ఖర్చులు. వాడుకున్న ఓస్లో టికెట్ల వరకు కమిషన్ తగ్గించే అవకాశం ఉంది. ముందు 15 రోజుల గడువుతో లాయరు నోటీసు పంపండి. కొన్ని కంపెనీలు అక్కడే రాజీకొస్తాయి. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా, ఏడాది దాటినా ఓపిక పట్టాల్సి ఉంటుంది.

ఆ నోటీసు కంటే ముందే ఇంకో పని చేయండి. వీసా దరఖాస్తు నకలు కావాలని ఈ వారమే కంపెనీకి రాయండి. ఫోన్లో కాదు, ఈమెయిల్‌లో. వాళ్లు ఇచ్చినా, ఇవ్వకపోయినా ఆ మెయిల్ మనకు పనికొస్తుంది.