అకోస్టా వీడియోలు చూసి ఇంటర్ వద్దంటున్నాడు

ప్రశ్న: మా అబ్బాయికి 16 ఏళ్లు. పది పాసయ్యాడు. ఫుట్‌బాల్‌లో స్టాపర్‌గా, అంటే గోల్ ముందు కాపు కాసే డిఫెండర్‌గా ఆడతాడు. కోల్‌కతా క్లబ్బు ఈస్ట్ బెంగాల్‌కు ఆడిన కోస్టారికా డిఫెండర్ జానీ అకోస్టా వీడియోలు పొద్దస్తమానం చూస్తూ, ఇంటర్‌లో చేరనని మొండికేస్తున్నాడు. 4 లక్షలు కడితే విదేశాల్లో ట్రయల్స్ ఇప్పించి క్లబ్బులో పెట్టిస్తానని ఒకాయన అంటున్నాడు. పొలం కుదువ పెడదామంటున్నారు మావారు. ఏం చేయమంటారు?
- ఒక తల్లి, అనంతపురం జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ 4 లక్షల సంగతి. కట్టొద్దు. 18 నిండని ఆటగాడు ఒక దేశం నుంచి మరో దేశం క్లబ్బుకు మారడానికి ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా నిబంధనలు ఒప్పుకోవు. కన్నవాళ్లు ఆటతో సంబంధం లేని పని మీద అక్కడికి కాపురం మార్చడం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి గానీ, అవి మీకు వర్తించవు. టూరిస్టు వీసా మీద తీసుకెళ్లి, ఏదో మైదానంలో రెండు వారాలు పరుగెత్తించి వెనక్కి తెచ్చినా దాన్ని ట్రయల్ అనే అంటారు. అబ్బాయికి 18 నిండాక కూడా, ఎవరైనా ఏజెంటునని వస్తే ఫిఫా లైసెన్స్ ఉందేమో ఫిఫా వెబ్‌సైట్‌లోనే చూశాకే మాట్లాడండి. పొలం జోలికి వెళ్లకండి.

ఇక అకోస్టా. మీవాడు మంచి మనిషినే పట్టుకున్నాడు, కాకపోతే సగమే చూస్తున్నాడు. అకోస్టా పుట్టింది 1983లో. 2014 ప్రపంచకప్‌లో కోస్టారికా తొలి మ్యాచ్‌లకు వెనక వరుసలో దిగిన ముగ్గురిలో అతను లేడు. గ్రీస్‌తో మ్యాచ్‌లో ఆ ముగ్గురిలో ఒకడైన డువార్తేకు రెడ్ కార్డు పడి, తర్వాతి మ్యాచ్‌కు దూరమయ్యాడు. దాంతో క్వార్టర్ ఫైనల్లో నెదర్లాండ్స్ మీద ఆ చోటు అకోస్టాకు దక్కింది. అవతల రాబెన్, వాన్ పెర్సీ, స్నైడర్ లాంటి పేరుమోసిన దాడి ఆటగాళ్లు. 120 నిమిషాలు ఒక్క గోల్ పడలేదు. ఆఖరికి పెనాల్టీల్లో 4-3తో ఓడిపోయారు. అప్పటికి అతనికి 31 నిండటానికి రెండు వారాలే తక్కువ. 2018లో మళ్లీ ప్రపంచకప్ ఆడి, ఆ వెంటనే కోల్‌కతా వచ్చాడు. సెప్టెంబర్ 2న అదే ఊరి ప్రత్యర్థి మోహన్ బగాన్‌తో డెర్బీలో మొదటిసారి దిగి గోల్ కొట్టాడు. 2-2తో ముగిసిన మ్యాచ్ అది. మీవాడి ఫోన్‌లో ఉండే వీడియో బహుశా అదే. అప్పుడు అతని వయసు 35.

నేను చెప్పదలచింది ఈ వయసుల గురించే. డిఫెండర్ ఆలస్యంగా పండుతాడు. మైదానం అంచున పరుగెత్తే, వేగం ఒక్కటే ఉన్న వింగర్‌ది 20 ఏళ్లకే తేలిపోవచ్చు. స్టాపర్‌కు కావాల్సింది ఎక్కడ నిలబడాలో తెలియడం, అది మ్యాచ్‌లు ఆడీ ఆడీ రావాలి. పనామా వాడు ఫెలిపె బలోయ్ ప్రపంచకప్‌లో తన దేశపు మొట్టమొదటి గోల్ కొట్టింది 37వ ఏట, 2018లో ఇంగ్లండ్ మీద. ఆ మ్యాచ్ 6-1తో ఓడారు, అయినా గెలిచినట్టు గంతులేశారు పనామా జనం! అందుకే 16 ఏళ్లకే చదువు మానేసి పరుగెత్తాల్సిన తొందర ఈ స్థానంలో ఆడేవాళ్లకు అసలు లేదు.

గాయాల మాట కూడా వినండి. అదే పనామా స్టాపర్ రోమన్ టోరెస్ 2015లో అమెరికా క్లబ్ సియాటిల్ సౌండర్స్‌లో చేరిన కొద్ది వారాలకే మోకాలి లిగమెంటు తెగింది. దాదాపు ఏడాది మైదానం బయటే. తిరిగొచ్చి, 2016 డిసెంబర్‌లో లీగ్ ఫైనల్లో కప్పు తెచ్చిన చివరి పెనాల్టీ తనే కొట్టాడు. 2017 అక్టోబర్ 10న, మ్యాచ్ ముగియవస్తుండగా స్ట్రైకర్‌లా ముందుకు దూసుకెళ్లి కోస్టారికా మీద గోల్ కొట్టి పనామాను తొలిసారి ప్రపంచకప్‌కు చేర్చాడు. మర్నాడు ఆ దేశమంతా సెలవు. గాయంతో బయట కూర్చున్న ఏడాది అతని ఖర్చులు, వైద్యం చూసుకోవడానికి క్లబ్ ఉంది. మీవాడి మోకాలు తెగితే ఏముందో మీ ఇద్దరూ ఒకసారి కూర్చుని మాట్లాడుకోండి.

కాబట్టి ఇంటర్‌లో చేర్పించండి. ఎంపీసీయే కావాలని పట్టుబట్టకండి. సీఈసీ తీసుకుంటే సాయంత్రం ప్రాక్టీసుకు టైం మిగులుతుంది. ఫిజియోథెరపీ వైపు మనసుంటే బైపీసీ. పొద్దుటి నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు పెట్టే కార్పొరేట్ కాలేజీ మాత్రం వద్దు, అక్కడ ఆట మొదటి వారంలోనే ఆగిపోతుంది. కాలేజీ కుదరకపోతే ఓపెన్ స్కూల్ ఉంది, కానీ అది నా రెండో ఎంపిక. అనంతపురంలోనే ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఫుట్‌బాల్ అకాడమీ ఉండగా ఊరు దాటాల్సిన పని ఇప్పుడైతే లేదు. ఏఐఎఫ్ఎఫ్‌లో (అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య) ఆటగాడిగా రిజిస్టర్ అయ్యాడో లేదో కోచ్‌ను అడగండి, ఏ పోటీకైనా ముందు అదే అడుగుతారు.

19 ఏళ్లకు ఒకసారి లెక్క చూసుకోండి. రాష్ట్ర జట్టులోకో, ఏదైనా లీగ్ క్లబ్బు కుర్రాళ్ల జట్టులోకో వచ్చి ఉంటే ఇంకో మూడేళ్లు ఇవ్వండి. రాకపోతే డిగ్రీ చేతికొస్తుండగానే రైల్వే స్పోర్ట్స్ కోటా, బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ), కోచింగ్ లైసెన్స్ గురించి ఆలోచించాలి.

కోచ్ ఏమంటున్నారో మీరు రాయలేదు. అబ్బాయి ఎత్తెంత, రెండు కాళ్లతోనూ పాస్ ఇవ్వగలడా, తప్పు చేసి గోల్ పడ్డాక మిగతా మ్యాచ్ ఎలా ఆడతాడు, ఈ మూడూ ఆయన్ను అడిగి మళ్లీ రాయండి. ఈలోపు అడ్మిషన్ గడువు దాటనివ్వకండి.