పాత మారుతి 800కి సెంట్రల్ లాక్ పెట్టించవచ్చా?

మీ నాన్నగారి 1997 మారుతి 800కి రిమోట్ లాక్ పెట్టిద్దామనుకుంటున్నారు, ఒరిజినల్ వైరింగ్ పాడవుతుందేమోనని మీ భయం. పెట్టించవచ్చండి. మా 1996 బండికి ఒకసారి షాపులో పెట్టించి, అది కుదరక, మొత్తం విప్పి మళ్లీ నేనే బిగించుకున్నాను.

షాపువాళ్లు రెండు గంటల్లో పని ముగించారు. ఇంటికొచ్చి రిమోట్ నొక్కితే నాలుగు డోర్ల లాకులూ టక్కున పడ్డాయి, ఆ వెంటనే టక్కున లేచాయి. రిమోట్ సిగ్నల్ అందుకుని లాకు మోటార్లను నడిపే డబ్బా, అంటే మాడ్యూల్, పోయిందని కొత్తది వేశారు. మళ్లీ అదే తంతు.

అసలు సంగతి డోర్ విప్పాక తెలిసింది. మామూలు కిట్‌లో డ్రైవర్ డోర్ మోటారుకు ఐదు వైర్లు, మిగతా మూడింటికీ రెండేసి ఉంటాయి. ఆ ఐదింటిలో రెండు మోటారు తిప్పడానికి, మూడు లోపలి స్విచ్‌కి. మీరు తాళంచెవితో లాక్ చేసినా మిగతా డోర్లు పడేది ఆ స్విచ్ వల్లే. మా డ్రైవర్ డోర్ లాక్‌లో ఏళ్లనాటి గ్రీజు ఎండి మైనంలా గట్టిపడింది. మోటారు సగం దాకా తోసేది, లివర్ వెనక్కి తన్నేది. స్విచ్‌కేం తెలుసు? ఎవరో తీశారనుకుని నాలుగూ తెరిచేసేది. తుప్పు, జిడ్డు వదిలించే డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టి, నల్లటి జిడ్డంతా బ్రష్‌తో తీసి, కొత్త గ్రీజు రాశాను. అంతే, అదే మోటారు, అదే మాడ్యూల్ బ్రహ్మాండంగా పనిచేశాయి.

కాబట్టి కిట్ కొనకముందే నాలుగు డోర్ల లాకులూ చేత్తో వేసి తీసి చూడండి. ఒక్క వేలితో కదలని లాకును అంత చిన్న మోటారు ఏం కదుపుతుంది?

డోర్ లోపలి ప్యానెల్ (ట్రిమ్) విప్పాలంటే ముందు అద్దం తిప్పే హ్యాండిల్ తీయాలి, దాని వెనక ఒక తీగ క్లిప్ ఉంటుంది. సందులో పాత గుడ్డ దూర్చి, షూ పాలిష్ చేసినట్టు అటూ ఇటూ లాగితే ఊడొస్తుంది. ఎక్కడికి ఎగురుతుందో చూసుకోండి, నాదొకటి ఇప్పటికీ దొరకలేదు.

మోటారు కడ్డీ కదిలేది సుమారు రెండు సెంటీమీటర్లే. అది లాక్ కడ్డీకి సమాంతరంగా ఉండాలి, వంకరగా ఉంటే పట్టేస్తుంది. రంధ్రం వేసే ముందు అద్దం పూర్తిగా దించి, మోటారుకు తగలదని చూసుకోండి. లోపలి ప్లాస్టిక్ షీటు మళ్లీ అతికించడం మరవద్దు, వానాకాలంలో ట్రిమ్ తడిసిపోతుంది.

వైరింగ్‌కు వస్తే, కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టి తీసుకోమనండి. ఇండికేటర్లు మిణుకుమనే కనెక్షన్ వద్దంటే కంపెనీ వైరు ఒక్కటీ కోయనక్కర్లేదు. జాయింట్లకు సోల్డరింగ్, పైన స్లీవు వేయించండి. ఉత్త టేపు చుడితే మా విజయవాడ ఎండలకు జిగురు కరిగి జారిపోయింది. డోర్‌లోకి వైరు వెళ్లే చోట రబ్బరు గ్రోమెట్, అంటే రంధ్రం అంచుకు తొడిగే రింగు, తప్పనిసరి. లేకపోతే రేకు అంచు వైరును కోసేస్తుంది.

బండి వారాల తరబడి కదలకపోతే ఆ ఫ్యూజు తీసేయండి. మాడ్యూల్ కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటుంది, దీని బ్యాటరీ అసలే చిన్నది.

ఇంకొకటి, టెస్ట్ చేసేటప్పుడు డ్రైవర్ అద్దం దించి ఉంచండి. నేను తాళంచెవి, రిమోట్ రెండూ సీటు మీద పెట్టి డోర్ వేశాను. మా పిల్లవాడి స్టీలు స్కేలుతో ముప్పావుగంట పట్టింది తీయడానికి.