అమ్మడూ, పాట కొనేముందు

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి వెంటనే ఏం చెప్పాలో తోచలేదు. నెలనెలా డబ్బు కట్టే యాప్ తీసుకున్నావు, అందులో కోట్ల పాటలున్నాయంటారు, అయినా తిప్పి తిప్పి అవే పది వస్తున్నాయి. మంచివి ఎలా పట్టుకోవాలి, డబ్బు పెట్టి కొనుక్కోదగ్గవి ఏమైనా ఉన్నాయా అనే కదా నీ ప్రశ్న? తెనాలిలో ఇరవై మూడేళ్లు క్యాసెట్ల కొట్టు నడిపి, ఆఖరికి ఆ ర్యాకుల్ని సెల్‌ఫోన్ కవర్లు అమ్ముకునేవాడికి ఇచ్చేసినవాణ్ణి. నన్ను అడగడమే తమాషాగా ఉంది. తీరిగ్గా రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

మా కొట్టుకొచ్చేవాళ్లలో సగం మంది చీటీ తెచ్చేవాళ్లు. పల్లవులు వరసగా రాసిచ్చి, అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్టు మీద ఎక్కించమనేవాళ్లు. ఒక్కో వైపు ముప్పై నిమిషాలు. పాత పాటలైతే తొమ్మిది పడతాయి, పదోది చరణం మధ్యలో తెగుతుంది. ఆ పదోపాట దగ్గర ఎన్ని పేచీలు పడ్డామో! మిగతా సగం మందికి పల్లవి కూడా గుర్తుండదు. కౌంటరు మీద మోచేతులు ఆనించి కూనిరాగం తీసేవాళ్లు. మా కుర్రాడు కళ్లు మూసుకుని విని ఏ సినిమాదో చెప్పేవాడు.

ఇప్పుడా కుర్రాడి పని ఫోను చేస్తోంది. ఆటోలోనో హోటల్లోనో మోగుతున్న పాట ఏదో తెలియాలంటే షాజమ్ అనే యాప్ తెరిచి వినిపించు. రికార్డయిన పాట మోగుతుంటేనే దానికి ఆనవాలు దొరుకుతుంది. నీ నోట్లో ఆడుతూ గుర్తురాని పాటైతే గూగుల్‌కి కూనిరాగం వినిపించు, 2020 నుంచి ఆ విద్య నేర్చింది. పది పదిహేను సెకన్లు ఆపకుండా తీయాలి. నా గొంతుని కూడా మూడుసార్లలో రెండుసార్లు పట్టింది. మీ పెద్దమ్మ నమ్మలేదనుకో.

వెతకడంలో నాకు తెలిసిన కిటుకు ఒక్కటే. సినిమా పేరు వదిలేసి మనుషుల పేర్లు పట్టుకో. క్యాసెట్టు డబ్బాలో మడిచిన కాగితం ఉండేది గుర్తుందా? పాడినవాళ్లు, రాసినవాళ్లు, వరస కట్టినవాళ్లు అందులో అచ్చయి ఉండేవాళ్లు. యాప్‌లో ఆ కాగితం పాట పక్కనున్న మూడు చుక్కల వెనక్కి పోయింది. నొక్కి చూస్తే సగానికి పైగా అరకొరే. అయినా నొక్కు.

ఉదాహరణకు "దేవదాసు" అని కొట్టు. 1953 నాటిదీ వస్తుంది, 2006 నాటిదీ వస్తుంది. మొదటిదానికి సంగీతం సి.ఆర్.సుబ్బరామన్, రెండోదానికి చక్రి. సినిమా పేరుతో వెళ్తే ఆ రెండూ కలగాపులగంగా నీ మీద పడతాయి. పాతది నచ్చిందనుకో, సుబ్బరామన్ పేరుతో వెతుకు. ఆయన ఆ సినిమా విడుదల కాకముందే, 1952లో పోయాడు. మిగిలిన పని పూర్తి చేసింది ఆయన దగ్గర సహాయకులుగా ఉన్న విశ్వనాథన్, రామమూర్తి. ఇక ఆ ఇద్దరి పేర్లూ కొట్టు. తమిళంలో వాళ్లు కలిసి చేసిన పాటలు గుట్టలుగా వస్తాయి. తర్వాత విశ్వనాథన్ ఒక్కడి పేరే కొట్టి తెలుగు వైపు తిరిగితే 1978లో "మరోచరిత్ర" దగ్గర తేలతావు. ఒక్క పేరు పట్టుకుని పాతికేళ్లు నడిచావు. ఏ యాప్ నీకు ఆ దారి చూపించదు, ఎందుకంటే దానికి నీ అలవాటు తెలుసు గానీ ఎవరు ఎవరి దగ్గర పనిచేశారో పట్టదు.

ఇంకో సంగతి. మన పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కోడు ఒక్కోలా రాసి తగలేశాడు. సుశీల గారి పేరులో దీర్ఘానికి ఒకరు రెండు అక్షరాలు వేస్తారు, ఇంకొకరు ఒకటే. ఘంటసాలకు ఒకరు హెచ్ పెడతారు, ఒకరు పెట్టరు. సాలూరి రాజేశ్వరరావు ఒకచోట ఇంటిపేరుతో ఉంటాడు, ఇంకోచోట వట్టి ఎస్. ఒకసారి దొరకలేదని వదిలేయకు, స్పెల్లింగు మార్చి కొట్టు. యూట్యూబులోనైతే తెలుగు అక్షరాలతోనే కొట్టు. అరుదైన పాటలు పెట్టే పెద్దవాళ్లు చాలామంది తెలుగులోనే పేరు రాస్తారు.

నీ పది పాటల గోలకు వస్తే, ఆ తప్పు కొంత నీదే. నువ్వు ఏది వింటే అలాంటిదే తెచ్చి పెట్టడం దాని పని. సంక్రాంతికి మనవడు వచ్చి వారం రోజులు నా ఫోన్లో ఏనుగు పాటా చిలక పాటా పెట్టించుకున్నాడు. ఉగాది దాకా నాకు పొద్దున్నే ఏనుగులే. అలాంటప్పుడు ప్రైవేట్ సెషన్ అని ఒకటుంటుంది, అది నొక్కి పెట్టు. అప్పుడు విన్నవి పెద్దగా లెక్కలోకి రావు. నచ్చని పాటను విసుక్కుంటూ చివరిదాకా వినకు కూడా. స్పాటిఫై అయితే ముప్పై సెకన్లు దాటితే విన్నట్టే రాసుకుంటుంది.

ఇప్పుడు డబ్బు సంగతి. యాప్‌కు నెలనెలా కట్టేది అద్దె. అందులో డౌన్‌లోడ్ అని కనపడే గుర్తు కూడా అద్దే, ఆ మాట చూసి మోసపోకు. స్పాటిఫైలో అలా దింపుకున్నవి నెట్ లేకుండా ముప్పై రోజులకు మించి ఆడవు. చందా ఆపిన రోజున అన్నీ పోతాయి. నువ్వు కట్టినా వాళ్లే కొట్టు కట్టేయొచ్చు. వింక్ అనే పాటల యాప్ 2024లో మూతపడలేదూ? అద్దె వద్దనడం లేదు. కొత్తవి వినడానికీ, నచ్చుతుందో లేదో చూడటానికీ అంతకంటే చవకైన బేరం లేదు. మా రోజుల్లో ఒక్క పాట కోసం క్యాసెట్టు మొత్తం కొని మిగతా అయిదు పాటల్నీ తిట్టుకునేవాళ్లు.

కానీ నీకు ప్రాణంగా ఉండే పాటలు ఓ వందా రెండొందలు ఉంటాయి చూడు, వాటిని కొను. ఫైలు చేతికొస్తేనే కొన్నట్టు. ఆపిల్ వాళ్ల ఐట్యూన్స్ స్టోరు అమెరికాలో 2003లో పాటకు 99 సెంట్లతో మొదలైంది, మన దేశానికి 2012 డిసెంబరులో వచ్చింది. అదే ఏడాది మొదట్లో ఫ్లిప్‌కార్ట్ కూడా ఫ్లైట్ అనే పాటల కొట్టు తెరిచి, ఏడాదిన్నర తిరక్కుండానే మూసేసింది. అయితే అక్కడ అమ్మినవి కాపీ కాకుండా వేసే తాళం లేని ఎంపీత్రీలు. కొన్నరోజే కంప్యూటర్లోకి దింపి పెట్టుకున్నవాళ్ల పాటలు ఇవాళ్టికీ మోగుతాయి. నువ్వు కూడా కొన్న రోజే దింపుకో, రెండు చోట్ల పెట్టుకో. నేను ఒక్కచోటే పెట్టి, ఓ వర్షాకాలం హార్డ్‌డిస్కు కిచకిచలాడి ఊరుకుంటే, పదేళ్ల కూడికంతా పోగొట్టుకున్నాను.

సినిమా బయట పాడుకునే కొత్తవాళ్లు నచ్చితే బ్యాండ్‌క్యాంప్ అనే సైటులో వెతుకు. ఉంటే అక్కడే కొను. డిజిటల్ పాట మీద వాళ్లు మామూలుగా పట్టుకునేది నూటికి పదిహేను, మిగతాది చెల్లింపు ఖర్చులు పోను పాడినవాళ్ల వైపే వెళ్తుంది. మన సినిమా పాటల కోసం అక్కడికి వెళ్తే మాత్రం నిరాశే. దింపుకునేటప్పుడు ఏ రకం ఫైలు కావాలో అడుగుతుంది. ఫ్లాక్ అంటే నాణ్యత పోకుండా కుదించిన ఫైలు, చోటుంటే అదే తీసుకో. నాలుగు నిమిషాల పాట 320 (సెకనుకు అన్ని కిలోబిట్లు) ఎంపీత్రీలో పది ఎంబీ లోపు ఉంటుంది, ఫ్లాక్‌లో దానికి రెండు మూడింతలు. ఫ్లాక్ నుంచి ఎంపీత్రీ ఎప్పుడైనా చేసుకోవచ్చు. పిండి నుంచి బియ్యం రానట్టే, ఎంపీత్రీ నుంచి ఫ్లాక్ రాదు.

ఉచితంగా ఇచ్చే సైట్ల సంగతి నువ్వు అడగలేదు, నేనే చెప్తాను. అక్కడ 320 అని రాసి ఉన్నవాటిలో చాలావరకు 128ని ఉబ్బించినవే. తాళాలు తుప్పు రేకుల్లా మోగితే అదేనని తెలుసుకో. డౌన్‌లోడ్ బొత్తాలు నాలుగుంటాయి, మూడు దొంగవి. పైగా 2012లో కాపీరైటు చట్టం మార్చి, పాట రాసినవాళ్లకూ వరస కట్టినవాళ్లకూ రాయల్టీ హక్కు వదులుకోలేనిదిగా చేశారు. నువ్వు అక్కడ దింపితే వాళ్లకు దమ్మిడీ రాదు. నీతులు చెప్తున్నాడేంటి అనుకుంటావేమో. చీటీలు చూసి క్యాసెట్లు ఎక్కించిన మేమూ చేసింది దొంగతనమే. అప్పుడు అది వ్యాపారమనుకున్నాం. మా కొట్టును ఇంటర్నెట్ మింగేసిందని మీ నాన్న అంటాడు గానీ, ముందు దెబ్బ కొట్టింది నూట యాభై పాటలు నింపి ఫుట్‌పాత్ మీద అమ్మిన ఎంపీత్రీ సీడీ. మాకంటే గట్టి దొంగ వచ్చాడు, అంతే.

ఇంటర్నెట్‌కు నేను చేతులెత్తి దణ్ణం పెట్టేది ఒక్క విషయంలో. విజయవాడ రేడియో 1948లో మొదలైనప్పటి నుంచి ఎన్ని లలిత గీతాలు, ఎన్ని భక్తిరంజనులు వచ్చాయో! బాలాంత్రపు రజనీకాంతరావు గారిలాంటివాళ్లు అక్కడ కూర్చుని చేసిన పని అది. అందులో చాలా భాగం రికార్డుగా అంగట్లోకి రాలేదు. నా కొట్టుకొచ్చి అడిగితే లేదని తిప్పి పంపేవాణ్ణి. ఎవరో పుణ్యాత్ములు టేప్‌రికార్డరు రేడియో పక్కన పెట్టి పట్టుకున్నవి, మధ్యలో కుక్కర్ విజిల్‌తో సహా, ఇప్పుడు యూట్యూబులో దొరుకుతున్నాయి. కొందామన్నా అమ్మేవాడు లేడు. అలాంటివి దొరికితే పేరు, తేదీ, ఎవరు పెట్టారో పుస్తకంలో రాసుకో. ఆ మనిషి ఖాతా పోతే పాటా పోతుంది.

మీ ఇంటి అటక మీద నీలం రేకు పెట్టెలో మీ నాన్న క్యాసెట్లు ముప్పై దాకా ఉండాలి. వాటిలో రేడియో నుంచి పట్టుకున్నవి ఉన్నాయని నాకు గట్టి అనుమానం. ముందు వాటి వీపున ఉన్న రెండు ప్లాస్టిక్ చెవులు విరగ్గొట్టు, పొరపాటున కూడా వాటి మీద ఇంకోటి రికార్డు కాదు. ఎండలో పెట్టకు, నువ్వు ఆడించి చూడకు, ఎండిపోయిన రీలు తెగుతుంది. నా దగ్గర డెక్కు ఇంకా పనిచేస్తోంది, దాన్నుంచి వైరు కంప్యూటరుకు కలిపి అడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిద్దాం. సీడీ నాణ్యతలో నిమిషానికి పది ఎంబీ చొప్పున గంట క్యాసెట్టుకు ఆరువందల ఎంబీ అవుతుంది. 64 జీబీ పెన్‌డ్రైవులు రెండు కొనుక్కురా. ఒకటి నీకు, ఒకటి నాకు. దసరా సెలవులకు వచ్చేటప్పుడు పెట్టె ఒళ్లో పెట్టుకుని రా, బస్సు డిక్కీలో వేయకు. రీలు బిగించడానికి పెన్సిలు నా దగ్గరుంది.

పెదనాన్న