కార్డుతో పాటు కవరూ దాచండి

బొమ్మల ప్రదర్శనల కేటలాగులు, ఆహ్వానాలు, ఆర్టిస్టులు సొంతంగా వేసుకున్న పుస్తకాలు సేకరించాలంటే మొదట్లో ఎంత డబ్బు కావాలని మీలో ఒకరు అడిగారు. మాది బరంపురం, పదిహేనేళ్లుగా ఇదే నా వ్యాపకం. డబ్బు మాట తర్వాత, మీ ఊళ్లో పాత పేపర్ల కొట్టాయనతో మీకు పరిచయముందా?

నాకుంది. ఓ వానాకాలం సాయంత్రం ఆయన ఫోన్ చేస్తే పరిగెత్తాను. ఓ డ్రాయింగు మాస్టారు పోయారు, కటక్‌లో ఉండే కొడుకు వచ్చి ఇల్లు ఖాళీ చేసేశాడు. మాస్టారి కాగితాలన్నీ కాటా మీదున్నాయి. వాటి నడుమ ఓ ఆహ్వాన పత్రిక: ఖల్లికోట ఆర్ట్ కాలేజీలో చదివిన నలుగురి నీటిరంగుల ప్రదర్శన, ఒకే రంగు అచ్చు, వెనకాల పెన్సిలుతో మాస్టారు రాసుకున్న ధరలు. ఒక బొమ్మ పక్కన ‘అమ్మరట’ అని కూడా ఉంది.

కొట్టాయన కవర్లు చించి వేరే గుట్టలో వేస్తున్నాడు. ‘ఆపు మావయ్యా!’ అని అరిచాను. ‘ఖాళీ కవరు నీకెందుకు బాబూ?’ అన్నాడు. అప్పటికే ఆ గుట్ట వానలో తడిసి ముద్దయిపోయింది.

కార్డు మీద ‘డిసెంబరు 14, శనివారం, సాయంత్రం 5 గంటలకు’ అని ఉంది. సంవత్సరం లేదు! ఆహ్వానాల మీద చాలామంది సంవత్సరం వేయరు, వచ్చేవాళ్లకి తెలుసు కదా అని. అది తేల్చేది కవరు మీది తపాలా ముద్రే. పాత క్యాలెండర్లు వెతికాను. 1968, 1974, 1985, 1991, 1996... అన్నింట్లోనూ ఆ తేదీ శనివారమే.

కేటలాగు అంటే లావుపాటి ఆర్ట్ పేపరు పుస్తకమే అనుకోకండి. ఢిల్లీలో 1963లో గ్రూప్ 1890 అనే ఆర్టిస్టుల బృందం వాళ్లు పెట్టింది ఒక్కటే ప్రదర్శన. మెక్సికో కవి ఆక్టావియో పాజ్ ముందుమాటతో వచ్చిన దాని కేటలాగు కోసం ఈనాటికీ వెతుకుతారు. ఫొటోగ్రాఫర్ దయానితా సింగ్ ‘సెంట్ ఎ లెటర్’ (2008) అయితే ఒక పెట్టెలో ఏడు చిన్న మడత పుస్తకాలు. పెట్టె పారేస్తే సగం పుస్తకం పారేసినట్టే.

ఇప్పుడు ఆహ్వానాలన్నీ వాట్సాప్‌లో వస్తున్నాయి, నాకు మంట. ఫోన్ మారిస్తే ఆ ప్రదర్శన జరిగిన ఆనవాలే ఉండదు. యాభై కార్డులైనా అచ్చు వేయించండయ్యా అని కనిపించిన ప్రతి ఆర్టిస్టునీ బతిమాలుతుంటాను. లామినేషన్ చేయించేవాళ్లను చూస్తే ఇంకా మంట. ఒకసారి అతికిందంటే కాగితం చిరక్కుండా ఊడి రాదు. సెల్లోటేపు అంతే, పసుపు మరక వదలదు. మా వైపు సముద్రపు గాలికి స్టాప్లర్ పిన్నులు తుప్పుపడతాయి, వానలు తగ్గగానే నేను ఒక్కొక్కటీ తీసి దారంతో కుడతాను.

ఇక డబ్బు. అమెరికా ఆర్టిస్టు ఎడ్ రూషే 1963లో పెట్రోలు బంకుల ఫొటోలతో 400 కాపీలు వేసిన పుస్తకాన్ని అక్కడి పెద్ద ప్రభుత్వ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వద్దంది. ఆయన ఆ మాటే ప్రకటనగా వేసి మూడు డాలర్లకు అమ్మాడు. నేను మాస్టారి కాగితాల కట్టకి తూకం ధరే ఇచ్చాను.

ఆ డిసెంబరు 14న బరంపురంలో ఆ బొమ్మలు చూసినవాళ్లు ఇక్కడెవరైనా ఉంటే, ఏ సంవత్సరమో చెప్పండి.