క్లచ్ కవర్ బోల్టు తల గుండ్రమైపోయింది, కవర్ పగలకుండా ఎలా తీయాలి?

మీరు అడిగింది ఇదీ: చెన్నై తిరువాన్మియూర్‌లో సముద్రానికి దగ్గరగా ఇల్లు, ఎనిమిదేళ్ల బైకు. క్లచ్ కవర్ బోల్టుల్లో ఒకదాని మీద పదో నంబర్ స్పానర్ జారిపోతోంది, పక్కనున్న ప్లస్ స్క్రూ గాడి అరిగిపోయింది. కవర్‌కి దెబ్బ తగలకుండా రెండూ ఎలా తీయాలి?

ముందు ఆ స్పానర్ పక్కన పెట్టేయండి. జారిన ప్రతిసారీ బోల్టు మూలలు ఇంకాస్త అరుగుతాయి. ఒక్కసారి జారిన బోల్టు చాలావరకు మామూలు సామాన్లతోనే వచ్చేస్తుంది. నాలుగుసార్లు జారాక డ్రిల్లు దాకా పోవాల్సిందే.

బోల్టు చుట్టూ తెల్లటి పొడి ఉందేమో చూడండి. కవర్ అల్యూమినియం, బోల్టు ఉక్కు. వాటి మధ్యకి ఉప్పుగాలి తేమ చేరితే అల్యూమినియం తినుకుపోయి ఆ పొడి మరల్లో సిమెంటులా గట్టిపడుతుంది. ఇంకో సంగతి. బోల్టు బిగించేటప్పుడు మనం పెట్టే బలంలో దాదాపు సగం తల కింద రాపిడికే పోతుంది, మరో 40 శాతం మరల రాపిడికి పోతుంది. విప్పేటప్పుడూ ఈ రెండు పట్లనూ వదిలించాలి. తల కింది పట్టు వదిలిందంటే సగం పని అయినట్టే.

వైరు బ్రష్‌తో తల చుట్టూ శుభ్రం చేసి పెనెట్రేటింగ్ ఆయిల్ (సందుల్లోకి దిగే పలచటి నూనె) కొట్టండి. డబ్ల్యూడీ-40 ఉన్నా సరే, రాత్రంతా వదిలేయండి. పొద్దున తల మీద ఇత్తడి కడ్డీ ఆనించి, చిన్న సుత్తితో నిటారుగా పదిహేను ఇరవై దెబ్బలు వేయండి. గట్టిగా అక్కర్లేదు, టకటకమని చాలు. ఆ అదురుకే తల కింది పట్టు వదులుతుంది, నూనె లోపలికి దిగుతుంది. అయితే మీ బోల్టు కవర్‌లోంచి దూరి లోపల క్రాంక్‌కేసు (ఇంజన్ ఒళ్లు) మరల్లో బిగుసుకుని ఉంది. పైనుంచి పోసిన నూనె అక్కడిదాకా చేరేది తక్కువే. అందుకని నేను నూనె కన్నా వేడినే ఎక్కువ నమ్ముతాను.

ఒకే వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. కాబట్టి బోల్టు తలని కాదు, దాని చుట్టూ ఉన్న కవర్ భాగాన్ని వేడి చేయాలి. నూనె తుడిచేసి, హీట్ గన్‌తో మూడు నాలుగు నిమిషాలు. నీటి చుక్క వేస్తే సుర్రుమని ఆవిరైతే చాలు, అంతకు మించితే ఆయిల్ సీలు రబ్బరు గట్టిపడిపోతుంది. పెట్రోలు ట్యాంకు పక్కనే ఉంటుంది కాబట్టి గ్యాస్ మంట వద్దే వద్దు.

వేడి మీదే ఆరు మూలల బాక్స్ సాకెట్ పెట్టండి. పన్నెండు మూలల రింగ్ స్పానర్ మూల అంచుల్నే పట్టుకుంటుంది, ఆరు మూలలది బోల్టు పక్కల్ని పట్టుకుంటుంది. అదీ జారితే 3/8 అంగుళం సాకెట్ తెచ్చుకోండి. దాని కొలత 9.5 మి.మీ. అరిగిన పదో నంబర్ తల మీద సుత్తితో కొట్టి ఎక్కిస్తే బిర్రుగా కూర్చుంటుంది. ముందు ఒక వెంట్రుకవాసి బిగించే వైపు, తర్వాత విప్పే వైపు, అలా అటూ ఇటూ ఆడించండి. ఒకేసారి గుంజితే 6 మి.మీ. బోల్టు పుటుక్కున తెగుతుంది.

ప్లస్ స్క్రూ కథ వేరు. జపాన్ డిజైన్ బైకుల్లో ఈ గాడి జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం. మామూలు ఫిలిప్స్ మొన దాని అడుగు తగిలి ఆగిపోతుంది, గోడల్ని పట్టదు, తిప్పగానే పైకి ఎగదన్నుతుంది. జేఐఎస్ బిట్ దొరికితే మంచిది, లేదంటే ఫిలిప్స్ మొనని అర మి.మీ. అరగదీయండి. 6 మి.మీ. స్క్రూకి 3వ నంబర్ బిట్, 5 మి.మీ. స్క్రూకి 2వ నంబర్. గాడిలో వాల్వ్ గ్రైండింగ్ పేస్టు చుక్క పెడితే పట్టు పెరుగుతుంది. పైన చేతి ఇంపాక్ట్ డ్రైవర్ (కొట్టిన దెబ్బకి మొన తిరిగే స్క్రూడ్రైవర్) పెట్టి సుత్తితో కొట్టండి. అంతకుముందు అది విప్పే వైపే తిరుగుతోందో లేదో ఖాళీగా కొట్టి చూసుకోండి, బిగించే వైపు ఉంటే ఉన్నదీ పోతుంది.

ఇవేవీ పని చేయకపోతే స్క్రూనైనా బోల్టునైనా తల కోసేయడమే సరైన దారి. చాలామంది దీన్ని చేతులెత్తేసిన పనిలా చూస్తారు కానీ, కవర్ బోల్టులకు ఇంతకంటే భద్రమైన పద్ధతి లేదు. తల నడిమధ్యలో సెంటర్ పంచ్ కొట్టి, 3 మి.మీ. బిట్‌తో దారి చేసి, తర్వాత 6.5 మి.మీ. బిట్. వేగం తక్కువ, నూనె చుక్కలు పడుతూ ఉండాలి. తల మందం నాలుగు నుంచి ఆరు మి.మీ. ఉంటుంది, అంతే లోతు. తల ఊడి ఉంగరంలా బిట్టుకు చుట్టుకుని తిరగగానే ఆపేయండి. కవర్ ఇంకా బిగించే ఉంది కాబట్టి ఇనుప రజను ఇంజన్‌లోకి పోదు, మొత్తం తుడిచేశాక మిగతా బోల్టులు విప్పి, రబ్బరు సుత్తితో తట్టి కవర్ తీయండి. కవర్ మందమంత ముక్క బయటికి నిలబడి ఉంటుంది. దాన్ని లాగి పట్టేదేమీ లేదిప్పుడు. గ్రిప్ ప్లయర్‌తో పట్టి తిప్పితే చాలాసార్లు చేతి బలానికే వచ్చేస్తుంది.

బోల్టు క్రాంక్‌కేసు అంచుకి సమంగా తెగిపోతే మాత్రం ఈజీ అవుట్‌తో (విరిగిన ముక్కలో రంధ్రం చేసి, ఎడమవైపు తిప్పి లాగే పనిముట్టు) ప్రయోగాలు చేయకండి. అది బాగా గట్టి ఉక్కు, పెళుసు. లోపల విరిగితే మామూలు డ్రిల్లు దాన్ని కోయలేదు, పక్కనున్న మెత్తటి అల్యూమినియంలోకి జారి రంధ్రం వంకరవుతుంది. ముక్క మీద నట్టు వెల్డు చేయించడం మేలు, ఆ వేడికే పట్టు కూడా వదులుతుంది. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ, ఈసీయూ (ఇంజన్‌ని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) కనెక్టరు పీకేయాలి. ఈజీ అవుట్ విరిగే ఉంటే గిండీ, అంబత్తూర్ ఎస్టేట్లలో స్పార్క్ ఎరోజన్ (కరెంటు నిప్పురవ్వలతో గట్టి లోహాన్ని కరిగించి తీయడం) చేసేవాళ్లని వెతకండి. మర చెడితే 6 మి.మీ. హెలికాయిల్ (కొత్త మరగా పనిచేసే తీగచుట్ట) వేయించుకోవచ్చు.

తిరిగి బిగించేటప్పుడు కొత్త గ్యాస్కెట్, 8.8 గ్రేడు (బలం గుర్తు) బోల్టులు వాడండి. కవర్ బోల్టులన్నీ ఒకే పొడవు ఉండవు. తీసిన వరుసలోనే అట్టముక్కకి గుచ్చి పెట్టుకోండి, పొట్టిది పొడుగుదాని చోట పడితే రెండు మూడు మరలే పట్టి తెగిపోతాయి. మరలకి యాంటీ సీజ్ గ్రీజు (మర పట్టేసుకోకుండా రాసేది) పలచగా రాయండి. సముద్రగాలిలో ఇది తప్పనిసరి, స్టెయిన్‌లెస్ బోల్టు వేసినా సరే. 6 మి.మీ. కవర్ బోల్టు బిగింపు సాధారణంగా 10 న్యూటన్ మీటర్లు, గ్రీజు రాసినప్పుడు 8 చాలు. మీ బైకు మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. బోల్టులు జీపీ రోడ్డులో దొరుకుతాయి. పాత కవరే కావాల్సి వస్తే పాత సామాన్లు అమ్మే పుదుపేట.